రద్దయిన డ్రాయింగు

గుంజూరులో ఆ రాత్రి వాన పడలేదు,
వేలాడింది.
క్రేను చేతికి, ఆకుపచ్చ వల తెరలకి,
ఓబుళేసు మీసానికి.

కాంక్రీటు లారీలు మారతహళ్లి వంతెన దగ్గర
ఇరుక్కున్నాయని ఫోను.
"స్వల్ప లేటాగుత్తె సార్, ఒందే గంటె" అన్నాడు డ్రైవరు.
ఆ ఒక్క గంటకి అప్పటికే
మూడు గంటల వయసు.

పదకొండు మందిమి.
నెత్తిన స్లాబు ఉంది, చుట్టూ గోడల్లేవు.
టీ కాచే చిన్న సిలిండరు
ఊపి చూస్తే ఊపిరి లేదు.

ఓబుళేసు సెంట్రింగు చెక్కలు కుప్పేశాడు.
క్యానులో డీజిలంతా గుమ్మరించాడు.
భగ్గుమంది.
ఓహో అన్నాం అందరం.
చేతులు చాపేలోపే
డీజిలు తనను తాను తినేసి వెళ్ళిపోయింది.
చెక్కలు అట్లాగే ఉన్నాయి,
వచ్చింది ఏ చుట్టమో పోల్చుకోలేనట్టు.
రెండోసారీ అంతే.
మూడోసారికి అగ్గిపెట్టె పక్కలు
నానిన అట్టలా ఊడొచ్చాయి.

అప్పుడు లేచింది సుంకులమ్మ.
కళ్యాణదుర్గం అవతల ఏదో ఊరు.
ఇసక జల్లెడ పడుతుంది.
పేరు రోజూ రాస్తాను మస్టరులో,
గొంతు వినడం అదే మొదలు.

"డీజిలు పోస్తే డీజిలే మండుతాది నాయినా,
కట్టెకేం తెలుస్తాది?"

నీళ్ళు తాగిన నేల
మంటను కూడా తాగేస్తుందట.
నాలుగు ఇటుకలు పరిచింది, సందులు వదిలి.
గాలికి వీపు అడ్డం పెట్టి కూచుంది.
మచ్చుకత్తితో ఒక చెక్కను నిలువునా చీల్చింది.
సిమెంటు, మేకుల తుప్పు, మూడు రోజుల వాన
అన్నీ ఒక గోరు లోతే.
లోపల ఇంకా ఏదో చెట్టు వాసన.
ఆ చీలికను పెదవికి ఆనించుకుంది.
"చెయ్యి మోసపోతాది. పెదివి పోదు."
ఇంకోటి ఆనించి, పక్కన పారేసింది.
పసిబిడ్డ గోళ్ళంత సన్నంగా పేళ్ళు తీసింది.
కొంగు ముడిలోంచి అగ్గిపెట్టె వచ్చింది,
దానితోపాటు సైకిలు ట్యూబు ముక్క.
ఎన్నాళ్ళనుంచి మోస్తోందో!

"ఎండిన కాయితం ఉందా సారూ?"

అందరూ నా చంక వైపు చూశారు.
సైటు మొత్తంలో తడవనిది
నా ప్లాస్టిక్ ఫోల్డరొక్కటే.
తెరిచాను.
స్టీలు లెక్కలు. సంతకం కావలసిన కార్డు.
హాజరు పట్టీ:
సుంకులమ్మ, పదకొండు రోజులు,
సగం పూట కోత.
ఆ కోత వేసింది నేనే.
ఎందుకో గుర్తు లేదు.
వేలు అక్కడ కాసేపు ఆగి, దాటిపోయింది.
అడుగునున్న డ్రాయింగు తీసిచ్చాను.
మూడో సవరణ, రద్దయినది,
మెట్లు గోడలోకి ఎక్కేది.

ముందుగా నాలుగో అంతస్తు అంటుకుంది.
తర్వాత లిఫ్టు గుంత.
ఎవరూ ఎక్కని మెట్లు
ఒక్కొక్కటే ఎర్రబడి మెలి తిరిగాయి.
ఓబుళేసు ఊదబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టింది,
"ఉండు, దానికి ఆకలి కానీ."
ట్యూబు నల్లగా కంపు కొట్టింది,
పేళ్ళు చిటచిటమన్నాయి.
అప్పుడు ఊదింది ఒకే ఒక్కసారి, పొడుగ్గా,
వేడి పాలు ఆర్చినట్టు.

తడి చెక్కల్ని చుట్టూ నిలబెట్టింది, ఆరమని.
వాటి వెనక మేము.
రెంటికీ ఆవిర్లు.
సిమెంటు మరకల తపేలాలో
బెల్లం టీ పొంగింది.
ఎవరి వంతు గ్లాసు ఎవరు తాగారో తెలీదు.

నాలుగింటికి లారీల లైట్లు మలుపు తిరిగాయి.
గ్లాసులు బోర్లించి అందరూ పరుగు.
సుంకులమ్మ నిప్పుల మీద ఇటుక మూసి
తట్ట అందుకుంది.
మంట గురించి మళ్ళీ ఎత్తలేదు.

ఫోల్డరు మూయడం మరిచానని అప్పుడు చూసుకున్నాను.
కోత కొట్టేద్దామని రెండుసార్లు గీశాను,
పెన్ను పట్టలేదు.
ఎవరూ చూడకుండా
ఆ కాగితం పెదవికి ఆనించాను.

తడి.